చేప తలకాయ, ముళ్ళ చారు: ఏ చేప మంచిది? ఎందుకు?



ప్రతి సంచికలోనూ పోటీ పరీక్షల గురించీ, మహనీయుల జీవితాల గురించీ మంచి వ్యాసాలు వస్తున్నాయి. అవి ఎంతో అవసరం. అయితే హాస్టల్ వదిలిన మరునాడే మనకు ఎదురయ్యే మొదటి పరీక్ష ఏ సిలబస్‌లోనూ ఉండదు. అది వంట. డిగ్రీ కోసమో, కోచింగ్ కోసమో పట్నం చేరి, నలుగురు కలిసి ఒక గది తీసుకుని, ఒక స్టవ్వు, రెండు గిన్నెలతో కాపురం మొదలుపెట్టిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. చేతిలో డబ్బు తక్కువ. ఒంటికి కావలసిన బలం ఎక్కువ. అలాంటివారికి పనికివచ్చే ఒక వంటకం గురించి, దాని వెనక ఉన్న సైన్సు గురించి ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. అదే చేప తలకాయ, ముళ్ళతో కాచే చారు.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన ఇళ్ళలో ఎవరైనా జబ్బుపడి లేచినా, ఎవరికి ఎముక విరిగినా, ఆడబిడ్డ పురుడు పోసుకున్నా "ముళ్ళ చారు కాచి తాగించండి, బలం పడుతుంది" అని పెద్దలు అంటారు. ఇప్పుడు అదే చారును "బోన్ బ్రాత్" అని ఇంగ్లీషు పేరు పెట్టి, పొడి చేసి, డబ్బాలో పోసి వందల రూపాయలకు అమ్ముతున్నారు. ఇందులో నిజంగా ఏముంది, ఏం లేదు, ఏ చేపతో కాయాలి, ఏ చేపతో కాయకూడదు అన్నది మనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే ఒక్కోసారి డబ్బు పోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

తలా తోకా ఎవరి వాటా?

మనలో కొల్లేరు లంకల నుంచి వచ్చినవాళ్ళూ, కాలువ గట్ల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. చెరువు పట్టిన రోజున నడిమి ముక్కలు ఎవరి ఇంటికి వెళ్ళేవో, తలా తోకా ఎవరి వాటాకు మిగిలేవో మన తాతలను అడిగితే చెబుతారు. ఆ తలా తోకాతోనే మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఇంటిల్లిపాదికీ సరిపడా పులుసు కాచేవారు. అది లేమిలోంచి పుట్టిన వంట. కానీ అందులో గొప్ప తెలివి ఉంది. పారేసేదానిలోంచి రుచినీ, కొంత పోషకాన్నీ తీయడం చిన్న విషయం కాదు.

ఈనాటికీ మార్కెట్లో తలకాయల ధర ముక్కల ధర కన్నా బాగా తక్కువ. ముక్కలు మాత్రమే కావాలనేవాళ్ళు వదిలేసిన తలలు, వెన్నుముళ్ళు చేపలు కోసేవాళ్ళ దగ్గర ఉంటాయి. పొద్దున్నే వెళ్ళి మర్యాదగా అడిగితే కొద్ది డబ్బుకే ఇస్తారు. మన దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. మన చెరువుల చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాలు, అస్సాం దాకా పోతున్నాయి. అంత సంపద ఉన్న చోట తలకాయలకు కొదవ లేదు.

ముళ్ళలో ఏముంది?

ముల్లు అంటే ఒట్టి సున్నం కాదు. ఎముకలో ఖనిజాలతో పాటు కొల్లాజెన్ అనే మాంసకృత్తి అల్లుకుని ఉంటుంది. చేప చర్మంలో, రెక్కల మొదట్లో, తలలోని మెత్తని ఎముకల్లో ఇది ఎక్కువ. నీళ్ళలో వేసి కాచినప్పుడు కొల్లాజెన్ విడిపోయి జెలటిన్‌గా మారుతుంది. చారుకు చిక్కదనం, నాలుకకు తగిలే ఆ కమ్మదనం దానివల్లనే. రాత్రి మిగిలిన చేపల పులుసు చలికాలంలో తెల్లారేసరికి జెల్లీలా పేరుకోవడం మనందరం చూసిందే. అది నూనె పేరుకోవడం కాదు, జెలటిన్ పేరుకోవడం.

మేక కాళ్ళతో పాయా కాయాలంటే గంటల తరబడి మంట పెట్టాలి. చేపకు ముప్పావుగంట మించి అవసరం లేదు. చేప నీటిలో బతికే చల్లని రక్తపు జీవి. దాని కొల్లాజెన్ పోగుల మధ్య ముడులు మేక కొల్లాజెన్‌లో ఉన్నంత గట్టిగా ఉండవు. కాబట్టి తక్కువ వేడికే, తక్కువ సేపట్లోనే కరుగుతుంది. గ్యాసు ఖర్చు గురించి ఆలోచించే మనలాంటివాళ్ళకు ఇది మంచి వార్త.

చారు ఏం చేయలేదు?

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ముళ్ళ చారు తాగితే ఎముకలకు కాల్షియం బాగా అందుతుందన్నది మన దగ్గర గట్టిగా పాతుకున్న నమ్మకం. ఎముకల చారులను పరీక్షించి చూసినప్పుడు ఒక కప్పులో మన రోజు అవసరంలో నూటికి 5 వంతుల కాల్షియం కూడా తేలలేదు. ఎముకలోని సున్నం నీళ్ళలో అంత సులువుగా కరగదు. పులుపు వేస్తే కొంత ఎక్కువ దిగుతుంది కానీ అరగంట కాపులో దిగేది కొద్దిపాటే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. కాబట్టి ఎముక విరిగిన మనిషికి ముళ్ళ చారు ఒక్కటే పోసి, రాగిజావ, పాలు మానిపిస్తే మనం ఉపకారం చేసినట్టు కాదు.

మరి చేపలోని కాల్షియం మనకు అందే దారే లేదా? ఉంది. నీళ్ళలో కాదు, నమిలే ముల్లులో ఉంది. చిత్తపరిగెలు, మెత్తళ్ళు లాంటి చిన్న చేపలను పొట్ట శుభ్రం చేసి ముళ్ళతో సహా తింటే ఆ సున్నం మన ఒంటికి చేరుతుంది. చిన్న చేపలను చింతపండు పులుసు పోసి కుక్కర్లో ఎక్కువసేపు ఉడికిస్తే ముల్లు మెత్తబడి అన్నంలో కలిసిపోతుంది. కాల్షియం కోసమైతే ఆ వంట చేసుకోవాలి.

రెండో సంగతి మాంసకృత్తుల గురించి. జెలటిన్ మాంసకృత్తే కానీ సంపూర్ణమైనది కాదు. శరీరం తనంత తాను తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలలో ఒకటైన ట్రిప్టోఫాన్ అందులో అసలే లేదు. ఈ సంగతి మనుషులకు తెలిసిన తీరు వెనక ఒక చరిత్ర ఉంది. మన హాస్టల్ పిల్లలు తప్పక తెలుసుకోవలసిన చరిత్ర అది.

ప్రెషర్ కుక్కర్‌కు తాత అనదగిన పాత్రను 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారు చేశాడు. ఎముకలను మెత్తబరచడమే దాని ముఖ్యోద్దేశం. ఆ తర్వాత 19వ శతాబ్దంలో పారిస్ నగరంలో ఎముకల నుంచి జెలటిన్ తీసి, ఆ చారును ఆసుపత్రులలోని రోగులకూ, పేదలకూ మాంసానికి బదులుగా పోశారు. దార్సే అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని బాగా ప్రచారం చేశాడు. ఖర్చు కలిసివస్తుంది కాబట్టి పెట్టేవాళ్ళకు నచ్చింది. తాగేవాళ్ళకు మాత్రం ఆకలి తీరలేదు. చివరకు ఫ్రెంచి సైన్సు అకాడమీ మజాందీ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం కుక్కల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, జెలటిన్ ఒక్కటే పెడితే ప్రాణం నిలవదని 1841లో నివేదిక ఇచ్చింది.

పేదవాడి పళ్ళెంలో ముక్క తీసేసి నీళ్ళు పోసి, "ఇందులోనూ అంతే బలం ఉంది" అని చెప్పడం ఒక్క మన దేశంలోనే, ఒక్క మన కాలంలోనే జరిగింది కాదన్నమాట. ఈ చారును ఎప్పుడూ అన్నానికీ, పప్పుకూ, గుడ్డుకూ తోడుగా తీసుకోవాలి. వాటికి బదులుగా కాదు. ఒక్క కోడిగుడ్డులోనే సుమారు 6 గ్రాముల సంపూర్ణమైన మాంసకృత్తులు ఉంటాయి. తలకాయను అంటిపెట్టుకుని ఉన్న కండను కూడా వదలకుండా తినాలి.

అయితే చారు దండగ అని నా అభిప్రాయం కాదు. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్ళకు వేడివేడి చారు గొంతు దిగుతుంది. నీరు, ఉప్పు అందుతాయి. ఆకలి పుడుతుంది. ఆకలి పుట్టాక అన్నం తింటారు. బలం ఆ అన్నం నుంచి వస్తుంది.

ఏ చేపను ఎంచుకోవాలి?

నాలుగు సూత్రాలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి, కొవ్వు తక్కువగా ఉన్న తెల్ల కండ చేప కావాలి. చేపనూనె ఎక్కువ సేపు మరిగితే గాలి తగిలి పాడై నీచువాసన ఇస్తుంది. రెండు, తల పెద్దదిగా ఉండాలి. మూడు, తాజాగా ఉండాలి. నాలుగు, మంచి నీటిలో పెరిగినది కావాలి. ఇక ఒక్కొక్క చేపనూ చూద్దాం.

బొచ్చె (కట్ల): మనలాంటివాళ్ళకు మొదటి ర్యాంకు దీనికే ఇవ్వాలి. ఒంటితో పోలిస్తే తల చాలా పెద్దది. తల నిండా మెత్తని ఎముక, జిగురు. రెండు కిలోలకు పైబడిన చేప తల ఒక్కటి తెచ్చుకుంటే నలుగురికి చారు వస్తుంది. ధర అందుబాటులో ఉంటుంది. దొరకని ఊరు లేదు.

కొరమీను: రోగులకూ, పిల్లలకూ మేలైనది. కొవ్వు తక్కువ. కండలో సన్న ముళ్ళు ఉండవు కాబట్టి గొంతులో గుచ్చుకునే భయం తక్కువ. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. మలేషియా, ఇండోనేషియా దేశాలలో ఇదే చేప రసాన్ని ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకూ, బాలింతలకూ ఇచ్చే ఆచారం ఉంది. ఇబ్బంది ధర ఒక్కటే. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ మార్కెట్ల వైపు చూడనే చూడలేం. కొరమీను కొన్నప్పుడు కండ కూరకు వాడుకుని, తల, వెన్నుముల్లు చారుకు వేయాలి.

శీలావతి (రోహు), ఎర్రమోసు: తెలంగాణ వైపు శీలావతిని రవ్వ అంటారు. చారుకు బాగానే ఉంటాయి. కానీ వీటిలో ఇంగ్లీషు వై అక్షరంలా చీలిన సన్న ముళ్ళు ఉంటాయి. గుడ్డలో వడకట్టకుండా పిల్లలకు ఇవ్వకూడదు.

పండుగప్ప: తెల్లటి కండ, గట్టి ముల్లు, మంచి రుచి. చారుకు ఎంతో బాగుంటుంది. చేప మొత్తం కొనడం మనకు భారం. కోసే చోట తల దొరికితే మాత్రం వదలొద్దు.

ఫంగస్, రూప్‌చంద్: చవకగా దొరుకుతాయి. కొవ్వు ఎక్కువ. చారు మీద నూనె తేలి వెగటు పుడుతుంది. వేపుడుకూ, కూరకూ నయం.

వాలుగ, జెల్ల: పొలుసు లేని చేపలు. ఒంటి మీద జిగట ఉంటుంది. పులుసుకు రుచే కానీ తేటగా తాగే చారుకు తగవు. ఇంకో హెచ్చరిక ఏమిటంటే, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని ప్రభుత్వం ఏనాడో నిషేధించింది. అయినా దొంగచాటుగా అమ్మేవాళ్ళు ఉన్నారు. మురికి గుంటల్లో పెంచిన ఆ చేప చవక అని కొనకండి.

కానాగంతలు, కవళ్ళు: సముద్రపు నూనె చేపలు. ఒంటికి చాలా మంచివి. కానీ చారుకు కాదు, పులుసుకూ వేపుడుకూ వాడాలి. ఐసు లేకుండా ఎండలో ఉంచిన కానాగంతల్లో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడడం, దురద, తలనొప్పి, వాంతులు వస్తాయి.

పులస: పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి జిల్లాల సామెత. పుస్తెలూ ఉండనీయండి, పులస చారూ వద్దు. అది ఒళ్ళంతా నూనె, ఒళ్ళంతా ముల్లు. పులుసు కోసమే పుట్టిన చేప.

సొర, టేకు: వీటికి ముల్లు ఉండదు, మృదులాస్థి ఉంటుంది. జిగురు వచ్చే మాట నిజమే కానీ వీటి ఒంట్లో యూరియా ఉంటుంది. కాస్త నిలవ ఉంటే అది అమ్మోనియాగా మారి ఘాటు వాసన వేస్తుంది. బాలింతలకు సొర పిట్టు పెట్టే ఆచారం మన తీరంలో ఉంది. పెద్ద సొరలో పాదరసం చేరి ఉంటుంది కాబట్టి బాలింతలకు, గర్భిణులకు పెద్ద సొర, పెద్ద వంజరం పెట్టకపోవడం మంచిది. పెద్ద చేప చిన్న చేపను తిన్నకొద్దీ పాదరసం పెద్ద చేపలో పోగవుతుంది. కడుపులోని బిడ్డ మెదడుకు అది హాని చేస్తుంది.

నీటి సంగతి మరిచిపోవద్దు

చారు ముళ్ళతో కాస్తాం కనుక చేప ఏ నీటిలో పెరిగిందన్నది మరీ ముఖ్యం. సీసం అనే లోహం కాల్షియంలా నటించి వెళ్ళి ఎముకలోనే కూర్చుంటుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసే చెరువుల్లో, మురుగు కాలువల్లో పట్టిన చేప ఉచితంగా వచ్చినా వద్దు. మన పిల్లలే సరదాకు గాలాలు వేసి అలాంటి చోట్ల పడుతుంటారు. పట్టొచ్చు, వండకూడదు.

తాజా చేపను గుర్తు పట్టడం

కన్ను ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉండాలి. లోపలికి పోయి మసకబారితే పాతది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. గోధుమ రంగులోకి మారితే వద్దు. వేలితో నొక్కితే పడిన సొట్ట వెంటనే లేవాలి. తల ఒక్కటే కొంటున్నాం కదా అని ఈ పరీక్షలు మానకండి. నిజానికి కన్నూ, మొప్పా ఉండేది తలలోనే కాబట్టి తల కొనేవాడిని మోసం చేయడమే కష్టం.

2018లో కేరళ ఆహార భద్రతా అధికారులు "ఆపరేషన్ సాగర్ రాణి" పేరుతో తనిఖీలు జరిపి ఫార్మలిన్ కలిపిన చేపలను పట్టుకున్నారు. అదే ఏడాది కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఫార్మలిన్‌నూ, అమ్మోనియానూ కనిపెట్టే చిన్న కిట్లను బయటకు తెచ్చింది. ఫార్మలిన్ శవాలు పాడవకుండా వాడే మందు. చేప కర్రలా బిగుసుకుని ఉండి, కన్ను మసకగా ఉండి, చేప వాసనే లేకుండా ఉంటే అనుమానించాలి. వీలైతే కళ్ళముందు కోసే బతికిన చేపనే కొనాలి.

చారులో పడకూడనివి

మొప్పలు: నెత్తురు, మట్టి, సూక్ష్మజీవులు అన్నీ అక్కడే ఉంటాయి. తల కొన్నప్పుడు మొప్పలు పూర్తిగా పీకించాలి. ఒక్క మొప్ప మిగిలినా చారు చేదెక్కుతుంది.

వెన్నుముల్లు వెంట ఉండే నల్లని నెత్తురు గీత: చెంచాతో గీకి కడిగెయ్యాలి.

చేదు సంచి (పిత్తాశయం): పేగుల దగ్గర ఆకుపచ్చగా ఉంటుంది. ఇది చిట్లితే చేప అంతా చేదవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. కంటిచూపుకు మంచిదనీ, షుగరు తగ్గుతుందనీ కొందరు దీన్ని పచ్చిగా మింగిస్తారు. రోహు, బొచ్చె, గడ్డిచేప వంటి వాటి పిత్తంలో కిడ్నీలను, కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంది. ఇలా మింగి కిడ్నీలు పనిచేయక ఆసుపత్రి పాలైన కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఉడికించినా ఆ విషం పోతుందన్న హామీ లేదు. ఈ వ్యాసంలో మరేదీ గుర్తులేకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్క మాట మాత్రం ఇంటికి వెళ్ళినప్పుడు మీ పెద్దలకు చెప్పండి.

వాసనకు విరుగుడు

సముద్రపు చేప నీచువాసనకు కారణం ట్రైమిథైలమైన్ అనే పదార్థం. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. అది క్షార గుణం గలది. పులుపు తగిలితే లవణంగా మారి గాలిలోకి ఎగరలేదు. వాసన ముక్కుకు చేరదు. చెరువు చేప సంగతి వేరు. దానిది మట్టి వాసన. చెరువులోని నాచు, సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్ వల్ల అది వస్తుంది. వాన పడ్డప్పుడు నేల నుంచి వచ్చే వాసన కూడా ఇదే. పులుపు జియోస్మిన్‌నూ విరగ్గొడుతుంది. చేపల పులుసులో చింతపండు ఎందుకని ఎవరైనా అడిగితే, మన అమ్మమ్మలు కెమిస్ట్రీ చదవకుండానే ప్రాక్టికల్స్ పూర్తి చేశారని చెప్పండి.

కాచే పద్ధతి

ఒక కిలో తలలు, ముళ్ళకు లీటరున్నర నీళ్ళు లెక్క. నలుగురికి సరిపోతుంది.

1. తలను రెండుగా చీల్చించి, రాళ్ళ ఉప్పు, పసుపు, కాస్త చింతపండు వేసి రుద్ది కడగాలి. తర్వాత ఉప్పు నీళ్ళలో పావుగంట నానబెడితే మిగిలిన నెత్తురు దిగిపోతుంది. ఆ నీళ్ళు పారబోయాలి.

2. చల్లని నీళ్ళలోనే వేసి పొయ్యి మీద పెట్టాలి. వేడి నీళ్ళలో వేస్తే పైన మాంసకృత్తి ఒక్కసారిగా గట్టిపడి చారు మురికిగా వస్తుంది.

3. పొంగు వచ్చే ముందు పైకి తేలే తెట్టును గరిటెతో తీసెయ్యాలి. తర్వాత మంట తగ్గించాలి. కుతకుతలాడకూడదు, బుడగలు మెల్లగా లేవాలి. గట్టిగా మరిగిస్తే కొవ్వు నీటిలో కలిసి తెల్లగా, జిడ్డుగా తయారవుతుంది.

4. పసుపు, దంచిన అల్లం, వెల్లుల్లి, ఒక ఉల్లిపాయ వేసి 30 నుంచి 40 నిమిషాలు ఉంచాలి. అంతకు మించి ఉంచితే రుచి పెరగదు, నీచు పెరుగుతుంది.

5. పలుచని గుడ్డలో వడకట్టాలి. తలలోని కండను చేత్తో వెతికి, ముల్లు లేకుండా తీసి మళ్ళీ చారులో వెయ్యాలి.

6. దంచిన మిరియాలు, జీలకర్ర, కొద్దిగా చింతపండు రసం, ఉప్పు, కరివేపాకు వేసి ఒక్క పొంగు రానిచ్చి దించాలి. రోగికైతే చింతపండు తగ్గించి, దించాక నిమ్మకాయ పిండొచ్చు.

ఫ్రిజ్ లేని గదుల్లో ఉండేవాళ్ళు ఏ పూటది ఆ పూటే తాగెయ్యాలి. చేప చారు సూక్ష్మజీవులకు కూడా మంచి భోజనమే. రెండు గంటలు దాటి బయట ఉంచినదాన్ని మళ్ళీ కాచినంత మాత్రాన భయం పోదు. ఫ్రిజ్ ఉంటే రెండు రోజులు ఉంచవచ్చు.

గౌట్ ఉన్నవాళ్ళకు ఈ చారు పడదు. ముళ్ళలోంచి, కండలోంచి దిగే ప్యూరిన్లు ఒంట్లో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా తాగకూడదు. చేప పడనివాళ్ళకు చారు కూడా పడదు.

చివరి మాట

డబ్బాలో వచ్చే కొల్లాజెన్ పొడి కూడా మన కడుపులో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోవలసిందే. బొచ్చె తలకాయ జిగురూ అంతే. డబ్బా మీద బొమ్మ చూసి అప్పు చేయనవసరం లేదు. అలాగే, అమ్మ జబ్బున పడితే చారు ఒక్కటే పోసి ఊరుకోనూ కూడదు. చారు పొయ్యండి, గుడ్డు పెట్టండి, మందు వేయించండి.

తలా తోకా మన వాటా అని ఒకప్పుడు ఎవరో నిర్ణయించారు. ఇప్పుడు తల మనం ఎంచుకుని తెచ్చుకుంటున్నాం, దాని మంచీ చెడూ తెలిసి తెచ్చుకుంటున్నాం. ఆ తలతో పాటు నడిమి ముక్క కూడా కొనుక్కునే రోజు మన ప్రతి ఇంటికీ రావాలి. దానికి దారి మనం చదువుతున్న చదువే. బాగా తినండి, బాగా చదవండి.

పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ.